మీటింగింటి వెనక డ్రమ్ము

పొదుపు లెక్కలు, అప్పుల లెక్కలు ఇప్పటిదాకా విన్నారు. ఆరోగ్య ఉపసంఘం తరఫున మేము ఒక్క జ్వరం గురించే చెబుతాం.

పోయిన వానాకాలంలో మా సంఘంలో వరుసగా మూడు ఇండ్లలో డెంగ్యూ వచ్చింది. ఆస్పత్రి ఖర్చుకు సంఘం నుంచే అప్పులిచ్చాం. పాడిగేదెలకని దాచిన పైసలు అట్ల పోయినయి. ఆశా కార్యకర్త ఇల్లిల్లూ తిరిగి చూస్తే దోమపిల్లలు ఎక్కడ దొరికాయనుకున్నారు? మేము మీటింగు పెట్టుకునే ఇంటి వెనక, మూతలేని నీళ్ల డ్రమ్ములో. వారం వారం అందరం చెంబు ముంచింది అందులోనే. సిగ్గనిపించింది.

మురికికాలువ దోమ అనుకున్నాం. కాదు. డెంగ్యూ దోమ కాళ్లకు తెల్ల చారలుంటాయి, పగలే కుడుతుంది, నిలవున్న మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది. గోలెం, కూలరు, పాత టైరు, కొబ్బరిచిప్ప, ఏదైనా సరే. గుడ్డు దోమ కావడానికి వారం పదిరోజులు చాలు. నీళ్లు పారబోసినా గుడ్లు అంచుకు అంటుకొని నెలల తరబడి బతుకుతాయి, నీళ్లు తగలగానే పిల్లలవుతాయి. అందుకే వారానికోసారి బోర్లించి, పీచుతో లోపలి అంచులు రుద్దాలి.

ముట్టుకుంటే అంటే జ్వరం కాదిది. రోగిని కుట్టిన దోమ కొన్నాళ్లకు ఇంకొకరికి అంటిస్తుంది. కాబట్టి రోగికి పగలు కూడా దోమతెర కట్టండి. పారాసెటమాల్ వేయొచ్చు. ఒళ్లునొప్పులని ఆస్పిరిన్, బ్రూఫెన్ వేస్తే రక్తం కారే ప్రమాదం ఎక్కువవుతుంది.

మా ముగ్గురిలో ఒక చెల్లె నాలుగోరోజు జ్వరం దిగిందని కలుపుకు పోయింది. సాయంత్రానికి కడుపునొప్పి, ఆగని వాంతులు. జ్వరం దిగినంక ఒకటి రెండు రోజులే అసలు గండమని అప్పటిదాకా మాకెవరికీ తెలియదు. చిగుళ్లలో రక్తం, నల్లటి విరేచనం, చేతులు కాళ్లు చల్లబడటం కనిపిస్తే బొప్పాయి ఆకు రసమని ఇంట్లో కూర్చోకండి, వెంటనే ఆస్పత్రికి తీసుకుపోండి. ఆమె దక్కింది. ఈ వైరస్‌లో 4 రకాలున్నాయి, రెండోసారి వస్తే ఇంకా ముదరొచ్చు. అందుకే ఆమె ఇంటిమీద మాకు ఇప్పటికీ ఒక కన్ను.

ఇప్పుడు ప్రతి శుక్రవారం హాజరు పిలిచేటప్పుడే డ్రమ్ము కడిగినవా అని అడుగుతున్నాం. ఇద్దరు అత్తలు మామీద లేచారు: "నల్లా నాలుగురోజులకోసారి వస్తే నీళ్లెట్ల పారబోస్తం?" వాళ్లదీ నిజమే. పాత చీర రెండు మడతలేసి డ్రమ్ము మూతికి బిగించి కట్టమన్నాం, ఖాళీ అయినరోజు రుద్దమన్నాం. నల్లా కోసం పంచాయతీకి అర్జీ ఇచ్చాం. జవాబు రాలేదు, వచ్చే నెల మళ్లీ పోతున్నాం.