ఫోను చూపిన మార్కులు



ఈ రోజు ఒక పరీక్ష గురించి మాట్లాడుకుందాం. ఇది ఫోనులో వచ్చే పరీక్ష. "మీ మనసు ఎలా ఉంది?" అని అడుగుతుంది. కొన్ని ప్రశ్నలు వేస్తుంది. జవాబులు నొక్కితే చివర ఒక అంకె చూపిస్తుంది. ఆ అంకె చూసి కొందరు "నాకు పిచ్చి పట్టిందేమో" అని హడలిపోతారు. ఇంకొందరు "తక్కువే వచ్చింది, నాకేం కాలేదు" అని ఫోను పక్కన పెట్టేస్తారు. ఈ రెండూ తొందరపాటే.

ఇలాంటి పరీక్షల్లో బాగా వాడుకలో ఉన్నది పీహెచ్‌క్యూ-9. క్రోన్కే, స్పిట్జర్, విలియమ్స్ అనే అమెరికా పరిశోధకులు 2001లో దీన్ని గురించి వివరంగా రాశారు. ఇందులో 9 ప్రశ్నలుంటాయి. అన్నీ గడిచిన రెండు వారాల గురించే. పనుల మీద ఆసక్తి పోయిందా? దిగులుగా ఉందా? నిద్ర ఎలా ఉంది? నీరసం ఉందా? ఆకలి ఎలా ఉంది? నేను పనికిరానివాణ్ణి అనిపిస్తోందా? మనసు ఒకచోట నిలవడం లేదా? నడక, మాట మరీ నెమ్మదించాయా, లేక కాలు నిలవనంత ఆరాటంగా ఉందా? చివరి ప్రశ్న, చావాలనే ఆలోచనలు వస్తున్నాయా?

అసలు లేకపోతే 0. కొన్ని రోజులుంటే 1. సగం రోజుల కంటే ఎక్కువుంటే 2. దాదాపు రోజూ ఉంటే 3. అన్నీ కూడితే ఎక్కువలో ఎక్కువ 27. 5 నుంచి 9 వస్తే కొద్దిపాటి ఇబ్బంది. 10 నుంచి 14 వస్తే ఓ మోస్తరు. 15 నుంచి 19 వస్తే ఎక్కువే. 20, ఆపైన అయితే తీవ్రం. 10 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరుకు చూపించుకోవాలి.

చూపించుకోవాలి అన్నాను. జబ్బు ఉన్నట్టే అనలేదు. ఈ పరీక్ష జల్లెడ లాంటిది. జల్లెడలో మిగిలినవన్నీ రాళ్ళు కావు. పెద్ద గింజలు కూడా మిగులుతాయి. చేత్తో ఏరి చూడాలి. అలా ఏరి చూసేవాడే డాక్టరు.

ఇప్పుడు రెండు కూడికలు చేద్దాం. పలక తీసుకోండి.

ఒక అక్క జవాబులు ఇవి అనుకుందాం. నిద్ర 3, నీరసం 3, ఆకలి 2, దిగులు 2, ఆసక్తి 1, మనసు నిలవకపోవడం 1. మొత్తం 12.

ఒక అన్న జవాబులు ఇవి. దిగులు 2, నిద్ర 2, పనికిరానివాణ్ణి అనిపించడం 1, చావు ఆలోచన 1. మొత్తం 6.

అక్కకు 12, అన్నకు 6. మొదట ఎవరి దగ్గర కూర్చోవాలి? అన్న దగ్గరే! చివరి ప్రశ్నకు 0 కాక ఏ అంకె వచ్చినా మొత్తం చూడొద్దు. ఆ రోజే మనిషితో మాట్లాడాలి. అక్కను కూడా వదలకూడదు. ఆమెకు మనసు జబ్బే ఉండొచ్చు. రక్తం తక్కువైనా, థైరాయిడ్ తేడా ఉన్నా నీరసం వస్తుంది. డాక్టరు చూస్తేనే తేలుతుంది. ఆ మార్కులు చెప్పి మందుల షాపులో నిద్రమాత్రలు కొనకండి. ఒకరి బదులు ఇంకొకరు జవాబులు నొక్కకండి.

మనది కరువు సీమ. వాన మొహం చాటేస్తుంది. శెనక్కాయ ఎండిపోతుంది. బోరు ఎండుతుంది, అప్పు మిగులుతుంది. అప్పుడు దిగులు పడని మనిషి ఎవరు? అయితే "కరువులో అందరికీ ఉండేదే" అని వదిలేయడం వల్లనే ఎన్నో ఇళ్ళు మనుషుల్ని పోగొట్టుకున్నాయి. కారణం తెలిసిన దిగులుకు కూడా వైద్యం ఉంది.

"చచ్చిపోవాలనిపిస్తోందా అన్నా?" అని సూటిగా అడగొచ్చు. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడొద్దు. అలా పుట్టదు. చెప్పుకుంటే బరువు దిగుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి. పురుగుల మందు డబ్బాలు ఇంట్లోంచి తీసి వేరేచోట తాళం వేయండి. 14416కు ఫోను చేయండి. అది టెలి మానస్. 2022 అక్టోబరులో ప్రభుత్వం మొదలుపెట్టింది. రాత్రీ పగలూ పలుకుతారు. తెలుగులో మాట్లాడొచ్చు. డబ్బు కట్టనక్కర్లేదు. అనంతపురం సర్వజన ఆసుపత్రిలోనూ చూపించుకోవచ్చు.

పల్లెలో ఈ వైద్యం కుదరదని అనకండి. 1980లలో మన పక్కనున్న బళ్ళారి జిల్లాలో బెంగళూరు నిమ్‌హాన్స్ వాళ్ళు దాన్ని చేసి చూపించారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చారు. ఆ దారిలోనే 1996లో దేశంలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది.

మనం అంకెలు నేర్చుకున్నాం. అక్షరాలు నేర్చుకున్నాం. ఫోను మార్కులు చూపిస్తే అంకె ఒక్కటే చదవొద్దు. ఏ ప్రశ్నకు ఎంత వచ్చిందో కూడా చదవండి. చదవలేని పొరుగువాళ్ళు అడిగితే చదివి వినిపించండి. ఆ మాట ఊరంతా చాటకండి.

ఈ రోజు ఇంటికి వెళ్ళగానే ఒక పని చేయండి. సుద్దముక్కతో తలుపు వెనక ఈ అయిదు అంకెలు రాయండి: 1 4 4 1 6.