కొత్తవలస టు బొర్రా: రైల్లో ఎక్కుదాం, బస్సులో దిగుదాం!

ఈరోజు ప్లాన్ ఏంటంటే, కొత్తవలస నుంచి బొర్రా గుహలకి వెళ్లి రాత్రికల్లా ఇంటికి వచ్చేయాలి. ఆటో, రైలు, జీపు, బస్సు... నాలుగూ ఎక్కుతాం.

ముందు ఆటోలో స్టేషన్‌కి. జనరల్ టికెట్ స్టేషన్ బయటే ఫోన్‌లో తీసేసుకోండి. కిరండూల్ పాసింజర్ పొద్దున్నే వస్తుంది, అది మిస్సయితే ఇంక ప్లాన్ పోయినట్టే. ఎందుకంటే ఈ లైను మనకోసం వేసింది కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి తెచ్చి జపాన్‌కి పంపడానికి 1960ల్లో వేశారు. ఇప్పటికీ ఇక్కడ గూడ్స్ బండ్లదే రాజ్యం. కానీ లైను పేరు చూడండి, కొత్తవలస-కిరండూల్. మొదలు మన ఊరే!

శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది. లైను మొత్తం మీద 58 సొరంగాలు. చీకటి, వెలుగు, మళ్లీ చీకటి, బోగీ అంతా కేకలే! కానీ వీడియో కోసం చెయ్యి బయట పెట్టొద్దు బాబూ. సొరంగం గోడ చాలా దగ్గర.

బొర్రాలో దిగితే సున్నపురాయి గుహలు. చుక్కచుక్క నీరు వేల ఏళ్లు కారి కట్టిన ఆకారాలవి. లోపల తడి, జారని చెప్పులు వేసుకోండి.

తిరుగు ప్రయాణానికి రైలు కోసం కూర్చోవద్దు. గూడ్స్‌కి దారిస్తూ లేటవ్వొచ్చు. జీపులో మెయిన్ రోడ్డుకి వచ్చేస్తే, అరకు నుంచి దిగే బస్సు అనంతగిరి, ఎస్.కోట మీదుగా కొత్తవలసలో దింపేస్తుంది. చీకటి పడకముందే రోడ్డెక్కండి, అదొక్కటే రూలు.

మీరెప్పుడు వెళ్తున్నారో కామెంట్‌లో చెప్పండి. ఉంటాను మరి!