కాళ్ళ మీద నరాలు తేలితే
(పట్టిసీమలో జరిగిన సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను బీపీ, షుగరు గురించి చెప్పమన్నారు. అవి ప్రతి ఏడూ చెప్పుకుంటూనే ఉన్నాం. ఈసారి మనం చీర కుచ్చెళ్ళ కింద దాచుకునే జబ్బు ఒకటి మాట్లాడుకుందామండి. పిక్కల మీద నీలంగా, వానపాముల్లా మెలికలు తిరిగి నరాలు తేలతాయి చూడండి, అది. డాక్టర్లు వెరికోస్ వెయిన్స్ అంటారు. మనం నరాలు అంటాం గానీ అవి నరాలు కావు, కాళ్ళలోని రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చే సిరలు. నరాల బలహీనత అనుకుని బలం బిళ్ళలు మింగితే తగ్గకపోవడం అందుకే.

మన ఊరివాళ్ళకు ఇది చెప్పడం తేలిక. ఎత్తిపోతల దగ్గర 24 పంపులు గోదావరి నీళ్ళను పైకి తోడి కాలువలో పోస్తున్నాయి. పల్లంలో ఉన్న నీరు తనంతట తాను మెరక ఎక్కదు కదా. కాళ్ళలో రక్తమూ అంతే. అక్కడ పంపు మన పిక్క కండ. అడుగు వేసినప్పుడల్లా అది బిగిసి రక్తాన్ని పైకి నెడుతుంది. ఎక్కిన రక్తం జారకుండా సిరల్లో కవాటాలు ఉంటాయి, చేలో మోటారు పైపుకి ఫుట్‌వాల్వు ఉన్నట్టు. ఆ వాల్వు పాడైతే రక్తం వెనక్కి జారి కిందే నిలుస్తుంది, సిర ఉబ్బుతుంది. గంటల తరబడి నిలబడే పని, కాన్పులు, ఒళ్ళు పెరగడం, అమ్మకు ఉండి మనకు రావడం – ఇవీ కారణాలు.

ఉన్నమాట చెప్తాను. పాడైన వాల్వు అలవాట్లతో బాగవదు, తేలిన నరం లోపలికి పోదు. నూనె రాస్తే పోతాయని సంఘంలో అప్పు తీసుకుని మరీ సీసాలు కొన్నవాళ్ళు నాకు తెలుసు. ఆ డబ్బు దండగ. అలవాట్ల వల్ల వాపు, బరువు, రాత్రిపూట పిక్కలు పట్టేయడం తగ్గుతాయి, పుండు పడకుండా ఉండే అవకాశం పెరుగుతుంది. అదేం తక్కువ కాదు.

అన్నిటికంటే చెడ్డది కదలకుండా నిలబడటం. టిఫిన్ బండి దగ్గర అట్లు పోసే వదిన ఉందనుకోండి, పెనం మీద అట్టు కాలేలోపు పదిసార్లు మడమలు పైకెత్తి దించాలి. పంపు కొట్టినట్టే. నాట్లకు వెళ్ళినవాళ్ళు గట్టెక్కాక గొంతుక్కూర్చోకుండా నాలుగడుగులు నడిచి, ఆనక కాళ్ళు చాపుకోండి. మనం ఈ మీటింగుల్లో రెండేసి గంటలు బాసింపట్టు వేసుకుంటాం, పాస్‌బుక్కులు రాసేలోపు కాళ్ళు చాపి పాదాలు ఆడించండి, ఎవరూ తప్పు పట్టరు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక ఒక పావుగంట వెల్లకిలా పడుకుని, కాళ్ళు గుండె కంటే ఎత్తులో దిళ్ళ మీద పెట్టుకోండి. సాయంత్రం ఇంకోసారి. రాత్రికి మంచం కాళ్ళవైపు కోళ్ళ కింద ఒక్కో ఇటుక పెట్టండి, గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్ని అడిగి. "అత్తగారు చూస్తుండగా కాళ్ళు పైకి పెట్టుకుని పడుకోవడమేంటి" అని ఒక చెల్లెలు నాతో అంది. ఆ అత్తగారికీ నరాలు తేలే ఉన్నాయమ్మా, ఇద్దరూ పడుకోండి.

బిగుతు మేజోళ్ళు డాక్టరు కొలత చూసి రాస్తేనే కొనండి. షుగరున్నవాళ్ళు, కాళ్ళకు రక్తం సరిగా అందనివాళ్ళు సొంతంగా వేసుకోకూడదు. పొద్దున మంచం దిగకముందే తొడుక్కోవాలి, అప్పటికి వాపు ఉండదు. మన ఎండాకాలంలో అవి కష్టమే, బురదలోకి పనికిరావు. పనికి వెళ్ళని పూటైనా వేసుకోండి.

చీలమండ లోపలివైపు చర్మం నల్లబడి దురద పెడితే గోకకండి, కొబ్బరినూనె రాయండి. పుండు పడితే పసర్లు పెట్టకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

ఇప్పుడు అసలు సంగతి. మన సభ్యురాలు ఒకావిడ స్నానం చేస్తుంటే కాలి మీద పక్కు ఊడి రక్తం చిమ్మింది. ఇంట్లోవాళ్ళు కుర్చీలో కూర్చోబెట్టి కాఫీపొడి అద్దారు, పైన తాడు బిగించారు. కాలు కిందికి వేలాడుతోంది, రక్తం ఆగట్లేదు. నేను వెళ్ళేసరికి గచ్చంతా ఎరుపు. తాడు విప్పి, నేలమీద పడుకోబెట్టి, కాలు కుర్చీ మీదికెత్తి, ఉతికిన గుడ్డ గట్టిగా నొక్కి పట్టుకున్నాను. ఆగింది. పడుకోబెట్టడం, కాలెత్తడం, మధ్యలో తీసి చూడకుండా కనీసం పది నిమిషాలు నొక్కి పట్టడం, ఈ మూడూ ఇంట్లో మగవాళ్ళకీ పిల్లలకీ కూడా చెప్పండి. ఆగకపోతే 108. ఆగినా డాక్టరుకు చూపించాలి, మళ్ళీ చిమ్మొచ్చు.

ఇంకొకటి. ఒక కాలే ఉన్నట్టుండి వాచి, వేడిగా ఉండి, పిక్క నొప్పి పెడితే మర్దనా చేయకండి, రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. ఆయాసమో గుండెనొప్పో తోడైతే వెంటనే 108. ఆపరేషన్, లేజరు లాంటివి ఎవరికి అవసరమో స్కానింగు చూసి డాక్టరు చెప్తారు. పథకం కింద వీలుందేమో ఆసుపత్రిలో అడగండి, ముందే వడ్డీకి అప్పు చేయకండి.

మీటింగు అయ్యాక పక్క గదిలో తలుపు వేసుకుని కూర్చుంటాను. కాళ్ళు చూపించాలనుకున్నవాళ్ళు ఒక్కొక్కరే రండి.