ఫ్లాటు కొనేముందు లీజు కాగితం చదవండి
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కుటుంబాల్లో ఫ్లాటు కొనడమంటే చిన్న మాట కాదు. గల్ఫు సంపాదన, ఇంట్లోని బంగారం, బ్యాంకు అప్పు అన్నీ అందులోనే పోస్తాం. అయినా గోడల రంగు చూసినంత శ్రద్ధగా దస్తావేజు చూడం. అందుకే ఈ నాలుగు మాటలు చెప్పదలిచాము.

కౌలు పొలంలో పంట రైతుదే, పొలం మాత్రం ఆసామిది. లీజు స్థలం మీద ఫ్లాటు కూడా దాదాపు అంతే. మనం కొనేది గడువున్న హక్కు మాత్రమే. కనుక మొదట అడగవలసింది ధర కాదు, ఇంకా ఎన్నేళ్లు మిగిలాయని. 1970లో మొదలైన 99 ఏళ్ల లీజు 2069లో తీరిపోతుంది. 2025లో కొన్నవారికి మిగిలేది 44 ఏళ్లే. ఆనాడు 20 ఏళ్ల కొడుకుకు గడువు తీరేనాటికి 64 ఏళ్లు. ఆ వయసులో ఇల్లు ఖాళీ చెయ్యమంటే ఎక్కడికి పోతాడు?

రెండోది, గడువు తీరాక పొడిగించే షరతు రాసి ఉందా? "అంతా పొడిగిస్తారండీ" అన్న బ్రోకరు మాట కాగితం కాదు. మూడోది, భూమి అద్దె ఎంత, ఎన్నేళ్లకోసారి పెరుగుతుంది, పాత బకాయి ఎవరు కట్టాలి? నాలుగోది, అమ్మాలన్నా, తాకట్టు పెట్టాలన్నా స్థలం యజమాని అనుమతి కావాలా, దానికి రుసుము ఎంత? అయిదోది, ఏ షరతు తప్పితే లీజు రద్దవుతుంది? ఈ చివరిదాన్ని రెండుసార్లు చదవండి. ముందున్నవారి తప్పు మన మెడకు చుట్టుకోవచ్చు.

ఏడాదికి మించిన లీజు రిజిస్టరు కావాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతోంది. స్టాంపు కాగితం మీద సంతకాలు చాలవు. ఈ.సీ. తీయించండి, అసలు లీజు దస్తావేజు నుంచి లింకు దస్తావేజులన్నీ వకీలుకు చూపించండి. వకీలు ఫీజు దండగ కాదు.

మన వాళ్లు మరీ జాగ్రత్తపడవలసింది వక్ఫ్ స్థలం విషయం. వక్ఫ్ ఆస్తి అమ్మినా, తాకట్టు పెట్టినా చెల్లదని 1995 చట్టానికి 2013లో వచ్చిన సవరణ స్పష్టం చేసింది. 30 ఏళ్లకు మించిన లీజు కూడా చెల్లదంది. ఎవరైనా వక్ఫ్ స్థలంలో 99 ఏళ్ల లీజని చెబితే అక్కడే ఆగండి. వక్ఫ్ గెజెట్టు చూడండి, సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో 22-ఏ నిషేధిత జాబితా అడగండి. మసీదుకు, అనాథలకు చెందవలసిన స్థలం మీద మన డబ్బు పోసుకుంటే ఇటు ఇల్లూ నిలవదు, అటు పుణ్యమూ దక్కదు.

గడువు పెట్టుకున్న అప్పును రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని మన దీన్ నేర్పింది. రాసినదాన్ని చదువుకోవడం కూడా అందులో భాగమేనని మా విన్నపం. అడ్వాన్సు ఇవ్వకముందే కాగితాలు అడగండి. ఇవ్వనంటే ఆ ఫ్లాటు మనకొద్దు.

సెలవు. ఖుదా హాఫిజ్.