ధాన్యకటకపు రేవు



ఈ వార్షిక మహాసభయందు మన పూర్వచరిత్రమునుగూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యనిర్వాహకులు న న్నాజ్ఞాపించిరి. కులచరిత్రము చెప్పుటకు ముందు ఆ కులము బ్రదికిన నేల చరిత్రము తెలియుట యుచితమని తలఁచి, కృష్ణకుఁ గుడిగట్టున నున్న ధరణికోటను నేఁటి విషయముగాఁ గైకొంటిని. అమరావతిని జేరియున్న యీ గ్రామమే ప్రాచీన ధాన్యకటకము. అచ్చటి స్తూపమును జూడఁబోవువా రనేకులు. ఆ యూరి రేవును దలఁచువా రరుదు. అయినను రేవు తెచ్చిన సిరి లేనిచో స్తూపమున కంతటి వైభవము గలుగదు.

ధరణికోట సముద్రమునకు సుమారు 100 కిలోమీటర్లు లోపల నున్నది. అంత దూరమున రేవేమని కొందఱు సందేహింపవచ్చును. కృష్ణ వర్షకాలమున నిండుగాఁ బాఱును. వేసవిలో నిసుకతిన్నెలు తేలును. ప్రవాహవేగమునకు నోడలు నిలుచుట కష్టము. ఈ చిక్కును మన పూర్వు లెట్లు తీర్చుకొనిరో 1962 మొదలు 1965 వఱకు భారత పురావస్తుశాఖవారు జరపిన త్రవ్వకములు తెలిపినవి. నదితోఁ గలియునట్లు నేలలోఁ ద్రవ్విన నౌకాకాలువ యొకటియు, దాని యొడ్డున సరకు దింపుకొను కట్టడమును బయల్పడినవి. ఆ కట్టడము మొదట కొయ్య స్తంభములతోఁ గట్టఁబడి, పిమ్మట నిటుకలతో నిర్మింపఁబడెను. కాలక్రమమున కాలువ పూడిపోయెను. నది యిచ్చిన దానితోఁ దృప్తిపడక, ఒదిగి నిలుచు నీటిని తామే కల్పించుకొన్న ప్రజలు వారు.

ఈ రేవుకు సముద్రముతోఁ గల సంబంధమునకు సాక్ష్యములు పెక్కు గలవు. క్రీస్తుశకము మొదటి శతాబ్దమునాఁటి గ్రీకు నావికగ్రంథమగు పెరిప్లసు మసాలియా దేశమున సన్నని నూలువస్త్రములు విస్తారముగా నేయఁబడునని చెప్పుచున్నది. రెండవ శతాబ్దమున టాలమీ కంటకస్సిల యను వర్తకస్థానమును బేర్కొనెను. అది ఘంటసాల యని పండితులు నిర్ణయించిరి. అచ్చటి ప్రాకృత శాసనములలో సివకుఁడను మహానావికుని పేరు గలదు. శాతవాహన ప్రభువులు రెండు కొయ్యల యోడను ముద్రించిన సీసపు నాణెములను వెలువరించిరి. ఏ రాజ్యము తన నాణెముపై నోడను జెక్కించునో ఆ రాజ్యపు బొక్కసమునకు సముద్ర మెంత ముఖ్యమో వేఱుగఁ జెప్ప నక్కఱలేదు.

ఇఁక మన సభకు ముఖ్యమైన సంగతి. అమరావతి స్తూపమును గట్టించినవా రెవరు? రాజులు మాత్రమే కారు. ఫలకములపై దాతలు తమ పేరులను, వృత్తులను జెక్కించుకొనిరి. వారిలో వర్తకులు గలరు, సుగంధద్రవ్యములమ్ము గాంధికుఁడు గలఁడు, భిక్షుణులు గలరు, గృహిణులు గలరు. తోలుపని చేయు విధికుఁ డనువాఁడు తన తల్లితో, భార్యతో, సోదరులతోఁ గూడి పూర్ణఘటము చెక్కిన ఫలకము నర్పించెను. అతని దానము తక్కినవారి దానములతో సమానముగ నిలిచి, నేఁటికిని జదువఁబడుచున్నది.

సోదరులారా! మహానావికుఁడు మనవాఁడే, గాంధికుఁడు మనవాఁడే యని చెప్పుకొనవలెనని ప్రతి సంఘమునకు నుండుట సహజము. కాని యా శిలలు చెప్పునవి వృత్తులే కాని నేఁటి కులనామములు గావు. రెండువేలయేండ్ల నాఁటి యొక పేరును బట్టి మన వంశవృక్షమును గట్టుట సత్యమునకుఁ జెల్లదు. ఆ రేవు అనేక వృత్తులవారు గలిసి నడపినది. నేఁతగాఁడు నేయక, బండివాఁడు తోలక, వడ్రంగి యోడఁ గట్టక, నావికుఁడు నడపక వర్తకుఁ డొక్కఁ డేమి చేయును? మనము సగర్వముగఁ జెప్పుకొనవలసిన వారసత్వ మా యొద్దికయే.

తరువాతి కథ క్లుప్తముగఁ జెప్పెదను. నాలుగవ శతాబ్దారంభమునఁ బల్లవ శివస్కందవర్మ మైదవోలు తామ్రశాసనమున ధాన్యకటకమందలి యధికారికి నాజ్ఞ నిచ్చెను. కావున రేవు తగ్గినను నగరపు ప్రాముఖ్యము తగ్గలేదు. 1182లోఁ గోట కేతరాజు వేయించిన శాసనమున బుద్ధదేవునికిని దానములు గలవు. 1344 నాఁటి సింహళ శాసన మొకటి ధర్మకీర్తి స్థవిరుఁడు ధాన్యకటకమున దేవాలయమును బాగుచేయించెనని తెలుపుచున్నది. ఇంతలో వర్తకము సముద్రతీరమునకుఁ దరలెను. 13వ శతాబ్దమున గణపతిదేవుఁడు మోటుపల్లిలో నావికుల కభయశాసన మిచ్చెను. పిమ్మట మచిలీబందరు వర్ధిల్లెను. 19వ శతాబ్దపు నడుమ బెజవాడ యానకట్ట వెలసినతోడనే కృష్ణ పొలములకు నీరిచ్చు తల్లి యయ్యెను. ఓడలదారి గాక పోయెను.

నాశమునకుఁ గారణము కాలమొక్కటియే కాదు. 1797లో మెకంజీ దొర వచ్చునప్పటికే స్తూపపు దిబ్బ త్రవ్వఁబడి, చలువరాళ్లు కట్టడములకుఁ బోవుచుండెను. చెక్కడపు ఫలకములు కొన్ని సున్నపుబట్టీలలోఁ గాలిపోయెను. మిగిలినవానిలోఁ బెక్కు నేఁడు చెన్నపురి మ్యూజియమునను, లండనునందలి బ్రిటిషు మ్యూజియమునను గలవు. దాత పేరు చెక్కిన ఱాయి సున్నమైన దినమున ఆ దాత రెండవసారి మరణించెను.

కావున పోషకమహాశయులకు నా విన్నపము. మీ గ్రామములలోని పాటిదిబ్బలయం దిటుకలు, పెంకులు, అక్షరములున్న ఱాళ్లు కనఁబడినచో ఇంటిగోడకు, గట్టుకు వాడనీయకుఁడు. వెంటనే పురావస్తుశాఖవారికిఁ దెలుపుఁడు. పెట్టెలలోఁ బడియున్న తామ్రశాసనములను బండితులకుఁ జూపుఁడు. మన సంఘ మిచ్చు విద్యార్థివేతనములలో నొకదానిని శాసనలిపి నేర్చుకొను బాలునికో బాలికకో కేటాయింపుఁడు. వారు చదువు ఱాతిలో మన పేరుండకపోవచ్చును. అయినను మన దేశము పేరుండును.