వార్డులో అడుగు పెట్టకముందు

(వరంగల్‌లో వైద్య విద్యార్థులు, వారి తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మీలో చాలామంది ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం పరీక్షలు ముగించుకొని వచ్చారు. అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ గట్టెక్కాయి. రెండవ సంవత్సరంలో పెథాలజీ, ఫార్మకాలజీ, మైక్రోబయాలజీలతో పాటు వార్డు పోస్టింగులు మొదలవుతాయి. ఇంతవరకు మీ ఎదుట ఉన్నది మాట్లాడని దేహం. ఇకమీదట ఉండబోయేది మాట్లాడే మనిషి. ఈ రెంటి నడుమ దొరికిన కొద్ది రోజుల సెలవును ఎలా గడపాలన్నదే నేటి విషయం. మేము వైద్యులం కాము. ప్రభుత్వ కార్యాలయాల్లో దస్త్రాల నడుమ జీవితం గడిపి, పదవీ విరమణ తరువాత రోగులకు తోడుగా ఆసుపత్రులకు వెళ్తున్నవాళ్ళం. కనుక రోగి పక్షాన నిలబడి నాలుగు మాటలు మనవి చేస్తాం.

మొదటి మాట తల్లిదండ్రులకు. ఈ బిడ్డలు నీట్ కోసం రెండు మూడేళ్ళు, ఆపై మొదటి సంవత్సరం పొడుగునా నిద్ర కాచినవాళ్ళు. సెలవు వచ్చీ రాగానే పీజీ కోచింగులో చేర్పించాలనీ, బంధువుల ఇళ్ళకు తిప్పి ‘మా డాక్టర్ సాబ్’ అని చూపించుకోవాలనీ తొందరపడకండి. మొదటి వారం వారిని కడుపునిండా తిననివ్వండి, కంటినిండా నిద్రపోనివ్వండి. అలసిన మనసు రోగి బాధను వినలేదు. బిడ్డ ముభావంగా ఉంటే చదువు సంగతి తరువాత అడగవచ్చు, ముందు క్షేమం అడగండి.

రెండవది మీ ఒంటి రక్షణ. వార్డులో సూదులుంటాయి, రక్తముంటుంది. హెపటైటిస్-బి వ్యాధి వాటి ద్వారా సోకవచ్చు. దాని టీకా మూడు మోతాదులు: మొదటిది ఈ రోజు వేయించుకుంటే రెండవది నెల తరువాత, మూడవది ఆరవ నెలలో. చివరి మోతాదు వేసుకున్న ఒకటి రెండు నెలలకు రక్తపరీక్ష చేయించుకుంటే రక్షణ కలిగిందో లేదో తెలుస్తుంది. చిన్నతనంలో వేయించారని అమ్మ చెప్పినా టీకా కార్డు వెదికి చూడండి. సందేహముంటే కళాశాల వైద్యులను అడగండి. సెలవులోనే మొదలుపెట్టవలసిన పని ఇది.

మూడవది, మా దృష్టిలో అన్నింటికన్నా ముఖ్యమైనది, రోగి భాష. కాకతీయ వైద్య కళాశాల 1959లో వెలసింది. దాని బోధనాసుపత్రి ఎంజీఎంకు ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ ప్రాంతాల నుంచి కూడా రోగులు వస్తారు. తెలుగు, ఉర్దూ, లంబాడీ, కోయ మాటలు ఒకే వరండాలో వినిపిస్తాయి. మీ పుస్తకమేమో ఇంగ్లీషులో ఉంటుంది. ‘దమ్ము వస్తున్నది’ అని పల్లె ముసలమ్మ అన్నప్పుడు అది ఆయాసమని మీకు తెలియాలి. మండీ బజార్ నుంచి వచ్చిన ఖాలా ‘చక్కర్ ఆరే’ అంటే తల తిరుగుతున్నదని అర్థం. ‘గాబరా’ అనే మాట రెండు భాషల్లోనూ ఉన్నది. కానీ ఒకరికది గుండెదడ, మరొకరికి భయం. ఏదో అడిగి తెలుసుకోవలసిందే. తెమడ, బల్గమ్, సలుపు, కామెర్లు, మూర్ఛ వంటి మాటలకు ఒక చిన్న నోటుబుక్కు పెట్టండి. ఇంట్లో నానమ్మనూ, పక్కింటి లంబాడీ అక్కనూ అడిగి రాసుకోండి. ఉర్దూ మాధ్యమంలో చదివినవారు తెలుగునూ, తెలుగు మాధ్యమంలో చదివినవారు ఉర్దూనూ ఒకరికొకరు నేర్పుకోండి. మహావైద్యుడు అల్-రాజీ రాసిపెట్టుకున్న విషయాలనే ఆయన మరణానంతరం ‘అల్-హావీ’ అనే బృహద్గ్రంథంగా కూర్చారు. రోగి చెప్పింది విని రాసుకునే అలవాటు ఎంత దూరం పోతుందో దీన్నిబట్టి గ్రహించండి.

నాలుగవది, రోగి నడిచే దారి తెలుసుకోవడం. ఇంట్లో ఎవరికైనా ఆసుపత్రి పని ఉంటే తెల్లకోటు లేకుండా తోడు వెళ్ళండి. ఓపీ చీటీ ఎక్కడ ఇస్తారు, రక్తపరీక్ష ఫలితం ఏ కౌంటరులో తీసుకోవాలి, చదువు రాని మనిషి ఏ మలుపులో దారి తప్పుతాడు అన్నవి గమనించండి. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితి తెలంగాణలో 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెరిగింది. అయినా ఏ కాగితం కావాలో తెలియక వెనుదిరిగేవారిని మేము చూస్తూనే ఉన్నాం. రేపు మీరు ‘పరీక్ష చేయించుకొని రా’ అని ఒక్క మాట అన్నప్పుడు, ఆ మాట వెనుక రోగికి ఎన్ని వరుసలు, ఎన్ని పూటల కూలి నష్టమో మీకు గుర్తుండాలి.

ఐదవది ఒక హెచ్చరిక. బస్తీలో మందులు రాసివ్వమని అడుగుతారు. రాయకండి. నమోదు కాని వ్యక్తి వైద్యం చేయడం జాతీయ వైద్య కమిషన్ చట్టం, 2019 ప్రకారం శిక్షార్హం. అంతకుమించి, అది ప్రాణాలతో చెలగాటం. అయితే మీరు చేయగలిగింది లేకపోలేదు. రెండు వారాలకు మించి దగ్గు ఉన్నవారికి తెమడ పరీక్ష అవసరమని, క్షయకు పరీక్ష, మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుందని చెప్పి, వారిని కేంద్రం దాకా తీసుకువెళ్ళవచ్చు.

మన ఆడబిడ్డలతో ఒక మాట. వార్డులో చేతులు కడుక్కోవలసి వస్తుంది. హిజాబ్, చేతుల కప్పు, నమాజు వేళల గురించి సందేహాలుంటే పోస్టింగు మొదలయ్యాక ఒంటరిగా ఇబ్బంది పడకండి. ముందుగానే నలుగురూ కలిసి రాతపూర్వకంగా, మర్యాదగా కళాశాలను అడగండి. రోగికి సోకు తగలకుండా చూడడం మన బాధ్యత, గౌరవంగా చదువుకోవడం మన హక్కు. ఈ రెండింటినీ కలిపి అడిగినప్పుడే ఆ విన్నపానికి బలం వస్తుంది.

చివరగా, మీలో కొందరి సీటు వెనుక బీసీ-ఇ కోటా ఉన్నది. వెనుకబాటుతనం ఆధారంగా 2007లో చట్టమై, 2010 మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో కొనసాగిన ఆ 4 శాతం కోసం ఎందరో న్యాయస్థానాల చుట్టూ తిరిగారు. ఆ సీటును చూసి తక్కువగా మాట్లాడేవారు ఎదురుకావచ్చు. వారితో వాదన పెట్టుకోనక్కరలేదు. మంచం పక్కన కూర్చొని, రోగి పేరు, కులం, మతం చూడకుండా చివరి మాట దాకా వినండి. మీరు ఆ సీటుకు తగినవారని ఆ రోగే చెబుతాడు.

కనుక ఈ సెలవులో విశ్రాంతి తీసుకోండి, టీకా వేయించుకోండి, నోటుబుక్కు తెరవండి. మొదటి పుటలో మీ అమ్మ చెప్పే నొప్పుల పేర్లు రాసుకోండి. అల్లాహ్ మీ చేతికి హస్తవాసి ప్రసాదించుగాక.