గౌనుతో పరుగెత్తిన సోఫీ



ఆటల సంగతి అనగానే రేడియో కట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోకండి. ఇవాళ నేను చెప్పబోయేది ఆట గురించి కొంతే. మిగతాదంతా ఒక గౌను గురించి.

1943లో అమెరికాలో మగవాళ్ళు యుద్ధానికి తరలిపోతున్నారు. అక్కడివారికి ప్రాణంతో సమానమైన బేస్‌బాల్‌కు ఆటగాళ్ళు కరువవుతారేమోనన్న భయం పట్టుకుంది. షికాగో కబ్స్ జట్టు యజమాని, చూయింగ్‌గం వ్యాపారి ఫిలిప్ రిగ్లీ అప్పుడు ఆడవాళ్ళకు జీతమిచ్చి ఆడించే లీగు ఒకటి పెట్టాడు. మొదట నాలుగే జట్లు. జీతం వారానికి 45 నుంచి 85 డాలర్ల దాకా. ఆ రోజుల్లో ఆడవాళ్ళ సంపాదనకు అది ఎక్కువే.

కార్ల ఫ్యాక్టరీలకు పేరుపడ్డ ఫ్లింట్ పట్నం నుంచి సోఫీ క్యూరిస్ అనే పిల్ల ఆ ఏడే వచ్చి చేరింది. పద్ధెనిమిదేళ్ళ వయసు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని రెసీన్ జట్టులో చోటు దొరికింది.

అయితే షరతులున్నాయి. ఆట మగవాళ్ళకు తీసిపోకూడదు, రూపం మాత్రం ఆడపిల్లలాగే ఉండాలి! నలుగురిలోకి ప్యాంటు తొడుక్కుని రాకూడదు. జుట్టు పొట్టిగా కత్తిరించుకోకూడదు. పెదవులకు రంగు తప్పదు. తొలి ఏడు అందం, మర్యాద నేర్పే తరగతులకు కూడా పంపారు. జట్టుకొక పెద్దామె కాపలా. నియమం తప్పితే మొదటిసారి 5 డాలర్లు జరిమానా, రెండోసారి 10. ఇవన్నీ వింటే మనకు నవ్వు రావచ్చు. నల్లజాతి ఆడపిల్లల్ని అసలు చేర్చుకోనే లేదు, అది మాత్రం నవ్వే సంగతి కాదు.

మైదానంలో వేసుకోవలసింది మోకాళ్ళ పైకుండే గౌను, లోపల చిన్న నిక్కరు. ఆ గౌను ఏం చేసిందో తెలియాలంటే ఆట కాస్త చెప్పక తప్పదు. మైదానంలో చతురస్రంగా నాలుగు చోట్లుంటాయి, వాటిని బేస్‌లంటారు. బంతి కొట్టిన మనిషి వాటినన్నిటినీ చుట్టి వస్తే ఒక పరుగు. బంతి విసిరేవాళ్ళు ఏమరుపాటున ఉన్నప్పుడు, ఎవరూ కొట్టకుండానే, పక్క బేస్‌కు తటాలున పరుగెత్తవచ్చు కూడా. దీన్ని బేస్ దొంగిలించడం అంటారు. దారిలో బంతితో తాకారా, ఔటే. అందుకని చివర్న నేలమీద పడి, తొడ ఆనించి జారుకుంటూ పోవాలి.

మగవాళ్ళకు ప్యాంటు గుడ్డ అడ్డం. సోఫీకి ఒట్టి చర్మమే. మట్టీ గులకరాళ్ళూ గీరుకుని తొడలు చెక్కుకుపోయేవి. ఎర్రటి ఆ గాయాలకు ఆటకత్తెలు స్ట్రాబెర్రీలని పేరు పెట్టుకున్నారు. పాతది మానకముందే దానిమీద ఇంకొకటి. మెత్తలు కట్టుకుని చూసింది గాని, వాటితో పరుగు సాగదని తీసేసింది. గాయానికి నేల తగలకుండా కాపలా పెద్దామె దాని చుట్టూ చుట్టకుదురులాంటి కట్టు కట్టేది. దానితోనే మర్నాడు మళ్ళీ ఆట.

1946లో సోఫీ 203 సార్లు ప్రయత్నించి 201 బేస్‌లు దొంగిలించింది. తప్పు విన్నారనుకోకండి, పట్టుబడింది రెండే సార్లు! ఆ సంవత్సరానికి ఉత్తమ క్రీడాకారిణి ఆమే.

ఆ సెప్టెంబరులోనే రాక్‌ఫర్డ్ జట్టుతో కప్పు తేల్చే ఆట. మామూలుగా తొమ్మిది ఇన్నింగ్సులతో ముగిసేది పద్నాలుగోదాకా సాగింది. ఇరుపక్షాలకూ సున్నా. సోఫీ బంతి కొట్టి మొదటి బేస్ చేరింది. రెండోది దొంగిలించింది. మూడోదానికి లంకించుకుంటూండగా బెట్టీ ట్రెజ్జా బంతిని కుడివైపుకు కొట్టింది. సోఫీ ఆగితేనా! మూడోది దాటి చివరిదాకా వచ్చి, ఆ పచ్చిపుండు తొడతోనే జారింది. 1-0. లీగు అధ్యక్షుడు మాక్స్ కేరీ ఒకప్పుడు బేస్‌లు దొంగిలించడంలో పేరుమోసినవాడు. మగవాళ్ళలో గాని, ఆడవాళ్ళలో గాని ఇంతటి ఆట చూడలేదన్నాడాయన.

ఆమె మొత్తం లెక్క 1114. మగవాళ్ళ పెద్ద లీగుల్లో దాన్ని దాటినవాడు రికీ హెండర్సన్, అదీ 1994లో. రెసీన్ జట్టు 1950తో ఆ ఊరు వదిలింది. సోఫీ షికాగో వెళ్ళి సాఫ్ట్‌బాల్ ఆడింది, తరువాత యంత్రభాగాల వ్యాపారంలో పనిచేసింది. 2013లో 87వ ఏట అరిజోనాలో కన్నుమూసింది.

గౌను సంగతి ఒకటి మిగిలింది. లీగు నడిచిన కాలంలో బంతి కొలత మార్చారు, బేస్‌ల మధ్య దూరం మార్చారు, బంతి విసిరే పద్ధతి మార్చారు. 1954లో లీగు మూతపడేదాకా ఆ గౌనును మాత్రం ఎవరూ తీసెయ్యలేదు.